ఒక్క గ్లాసు నిమ్మరసంతో ఖాళీ అయిన శిబిరం

జనగామ చౌరస్తాలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఏడాదికి పైగా సాగుతున్న రిలే నిరాహార దీక్షను ఒక్క మౌస్ నొక్కుతో విరమింపజేసినవాడిని నేనే. గాలివాన రెండుసార్లు టెంటును లేపుకుపోయింది, దీక్ష ఆగలేదు. ఢిల్లీ నుంచి ఒక ప్రకటన వచ్చి వెనక్కి పోయింది, అప్పుడూ ఆగలేదు. నేను కుర్చీలోంచి లేవకుండా, చేతిలోని చాయ్ కప్పు కింద పెట్టకుండా ఆపేశాను. ముప్పావు గంట ఆగింది. నా ఉద్యోగ జీవితంలో ఇంతకంటే పెద్ద ఫలితం నేను సాధించలేదు కనుక, కంప్యూటర్ లైన్లోకి ఇప్పుడిప్పుడే దిగుతున్న మీకు అది చెప్పి తీరాలి.

నేను ఆ లైన్ నుంచి రిటైరయ్యానని అందరితో అంటుంటాను. నిజానికి లైనే నా నుంచి రిటైరైంది. నాకు వచ్చిన ఒకే ఒక సాఫ్ట్‌వేర్‌ను, దాన్ని తయారుచేసినవాళ్లే మూసేశారు. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నేను చెప్పేవాటిలో సగం కోతలని మా ఆవిడ అంటుంది. నా మీద గౌరవం ఉంది కాబట్టి సగం దగ్గర ఆగింది.

మా కంప్యూటర్ సెంటర్ ఒక స్టీలు సామాన్ల దుకాణం మీద, మొదటి అంతస్తులో ఉండేది. రెండింటికీ ఒకే సేటు. కింద గిన్నెలు, పైన విద్య. ఆయనకు రెండింటి మధ్య పెద్ద తేడా కనిపించేది కాదు. గిన్నె కొన్నవాడు ఇంటికి పోయి వండుకుంటాడు, కోర్సు కొన్నవాడూ వండుకుంటాడు, తర్వాత సొట్టలు పడితే మనకు సంబంధం లేదు అనేవాడు. పైన ఆరు కంప్యూటర్లు ఉండేవి. వాటిలో ఒకటి ఎంత నిదానమంటే, దాన్ని ఆన్ చేసి, పాలకుర్తి ఆటో ఎక్కి, అక్కడ పెళ్లి భోజనం చేసి, వక్క నములుతూ తిరిగొచ్చినా తెర మీద ఇంకా స్వాగతమే చెబుతూ ఉండేది.

నేను నేర్పేది మల్టీమీడియా. బొమ్మ గీయడం, దాన్ని ఫ్రేము ఫ్రేముకూ కదిలించడం, నొక్కితే ఏదో ఒకటి జరిగేలా చేయడం. తెర మీద వంద కొంగలు ఎగరాలంటే నేను ఒక కొంగను గీసి తొంభై తొమ్మిది సార్లు కాపీ కొట్టేవాణ్ణి. రెక్క తప్పు పడిందని తెలిస్తే వంద రెక్కలూ విడివిడిగా దిద్దేవాణ్ణి. దాన్ని అనుభవం అనేవారు. ఇంతలో ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చింది. ఇకమీదట క్లాసులు రాసి పని చేయించుకోవాలట. క్లాసంటే ఏమిటో నాకు తెలియదు. తెలియదని ఎవరికీ తెలియకూడదు కూడా, ఎందుకంటే మేమది నేర్పుతామని సేటు అప్పటికే బస్టాండు గోడ మీద రంగులతో రాయించేశాడు.

ఆ రోజుల్లోనే మా దగ్గర చేరింది మానుకోట మేడం. మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అనే అంటారు. పుట్టిల్లు మరిపెడ పక్కన పల్లె, అత్తగారిల్లు మానుకోట, భర్త ఉద్యోగం భూపాలపల్లి బొగ్గు గనిలో, తన ఉద్యోగం జనగామలో మా గిన్నెల మీద. రోజూ పొద్దున ప్యాసింజర్‌లో వచ్చి సాయంత్రం ప్యాసింజర్‌లో పోయేది. ఆయన వద్దామనుకున్న ఆదివారం రైలు రోకో ఉండేది, ఈమె వెళ్దామనుకున్న ఆదివారం బంద్ ఉండేది. పెళ్లయిన ఆరేళ్లలో ఆ మొగుడూపెళ్లాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్న రోజులకంటే, నేను సేటు ముఖం చూసిన రోజులు ఎక్కువ.

ఆమె సంచిలో టిఫిన్ డబ్బా, దాని కింద ఇటుక మందాన ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేవి. క్లాసులు రాయడం నేర్పే పుస్తకం అది. రైలు ఆగిన ప్రతిచోటా ఒక పేజీ చదివేదట. మన ప్యాసింజర్ స్టేషన్లు లేనిచోట కూడా ఆగుతుంది కనుక నాలుగు నెలల్లో పుస్తకం అయిపోయింది. నేను ఆ పుస్తకాన్ని దూరం నుంచి చూసి, "గిది నాకు తెల్వదా" అనేవాణ్ణి. ఆ మాట నాకు ఊతపదం. ఎవరైనా ఏదైనా చెప్పబోతే నా నోట ముందుగా అదే వచ్చేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కిటికీ దగ్గర నిలబడ్డాం. ఎదురుగా చౌరస్తాలో దీక్ష టెంటు. ఇదే అదనని, పరీక్ష పెడుతున్న పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాను.

"క్లాస్ అంటే ఏందో పోరగాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పు మేడం, సూద్దాం."

"గా టెంటు సూడుండ్రి సార్. రోజుకో సంఘం కూసుంటది. నిన్న ఆటోలోళ్లు, ఇయ్యాల టైలర్లు. మనుషులు మారుతరు గని చేసేది ఒకటే. పొద్దుగాల దండలేస్కుంటరు, కూసుంటరు, నినాదాలిస్తరు, పొద్దుమీకి నిమ్మరసం తాగి లేస్తరు. దీక్షల కూసునే మనిషి ఎట్లుండాలె, ఏమేం చెయ్యాలె అని ఒక కాయితం మీద రాసి పెట్టుకున్నమనుకో, గదే క్లాసు. గా కాయితం సూసుకుంట మనం పుట్టిచ్చిన ఒక్కొక్క మనిషి ఆబ్జెక్టు."

"మరి వకీళ్లు కూసుంటే? ఆళ్లకు నల్లకోట్లుంటయి కదా."

"వకీలు గూడ దీక్ష మనిషే సార్, మీదికెళ్లి కోటు. టైలరు గూడ దీక్ష మనిషే, మెడల టేపు. గా ఒక్క ముక్క కలుపుకుంటే సాలు. మొత్తం మల్ల రాసే పనిలేదు."

"గిది నాకు తెల్వదా," అన్నాను. ఆ క్షణం దాకా తెలియదు. వంద కొంగల రెక్కలు విడివిడిగా దిద్దిన నా వేళ్లు ఆ రోజంతా నన్ను తిట్టుకున్నాయి.

రిలే దీక్ష ఎలా ఉండేదో మీ వయసువాళ్లకు చెప్పాలి. అందులో చావుకు సిద్ధపడటం ఉండదు, వంతు ఉంటుంది. ఇవాళ వంతు ఉన్నవాళ్లు ఇంట్లో నాలుగు ఇడ్లీలు తిని వచ్చి కూర్చునేవారు. కొందరు ఆరు కూడా తినేవారు. సాయంత్రం ఎవరో పెద్దమనిషి వచ్చి వరుసలో మొదటి మనిషికి నిమ్మరసం గ్లాసు అందించేవాడు. ఆ ఒక్క గ్లాసుకే ఫోటో. ఫోటో పడగానే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే లేచి, వెనక ఉన్న బకెట్ దగ్గరికి పోయి ముంచుకుని తాగేవారు. ఒక్కరికి ఇస్తే అందరికీ ఇచ్చినట్టే. నేను ఎగతాళి చేస్తున్నాననుకోకండి. ఎండ, వాన, పండుగ, పరీక్షలు, ఏదొచ్చినా ఆ జంపఖానా ఒక్క రోజు కూడా ఖాళీగా లేదు. కాని ఆ ఒక్క గ్లాసు ఆచారాన్ని గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది అదే.

శిబిరం నడిపే కన్వీనరు ఒక వకీలు సాబ్. ఒకరోజు ఆయన మా మెట్లెక్కి వచ్చి, సేటు కుర్చీలో కూర్చున్నాడు.

"పట్నంకెళ్లి పెద్ద నాయకుడొస్తుండు. ఇన్ని రోజులసంది ఎవలెవలు కూసున్నరో గోడంత తెరమీద కనబడాలె. ఉత్త ఫోటోలు వద్దు. మనుషులు కదలాలె, నినాదాలియ్యాలె. ఆఖరుకు నాయకుడు చెప్తే బొమ్మ గూడ నిమ్మరసం తాగాలె. అయితదా?"

"మా సారుకు గిది ఎంతపని," అన్నాడు సేటు, నా వైపు చూడకుండానే.

అదే వారం ఇంకో కబురు వచ్చింది. భూపాలపల్లి గనుల్లో కొత్తగా చేరేవాళ్లకు జాగ్రత్తలు నేర్పే శిక్షణ కేంద్రం ఉంది. అక్కడి ఆఫీసరు ఆ పాఠాలన్నీ కంప్యూటర్ మీద బొమ్మలతో చేయించాలనుకుంటున్నాడు, అక్కడే ఉండి చేసే మనిషి ఒకరు కావాలి. మేడం దరఖాస్తు అప్పటికే ఆయన బల్ల మీద ఉంది. ఆయన ఫోన్‌లో ఒకటే అన్నాడట: "కాయితాలు సూసి నేను మనిషిని తీస్కోను. చేసిన పని సూపియ్యిండ్రి." నాయకుడొచ్చే రోజే రమ్మని సేటు పిలిచేశాడు, ఒకే కుర్చీల కిరాయితో రెండు పనులూ అవుతాయని.

ఆ సాయంత్రం మేడం సంచి సర్దుకుంటూ నాతో అంది, "గిది మంచిగ నడిస్తే మా ఆయన షిఫ్ట్ దిగి వచ్చేసరికి నేను ఇంట్ల ఉంట సార్. ఆరేండ్లల గసొంటి రోజు ఒక్కటి లేదు."

"నేనున్న కదా," అన్నాను. ఈ మాట ఎవరు అన్నా మీరు జాగ్రత్తపడండి.

నాలుగు రోజులు కూర్చున్నాం. కూర్చున్నాం అంటే, ఆమె రాసింది, నేను వెనక నిలబడి తల ఊపాను. దీక్ష మనిషి క్లాసు అచ్చం కిటికీలోంచి చూసినట్టే వచ్చింది. ప్రతి బొమ్మకూ దాని పేరు, సంఘం, నినాదం, ఆఖరున "దీక్షలో ఉన్నాడా లేడా" అన్న లెక్క విడివిడిగా పెట్టింది. నాకది నచ్చలేదు. నాలుగు రోజులుగా నా ముద్ర ఎక్కడా పడలేదు కదా.

"ఒక్కొక్క బొమ్మకు నిమ్మరసం ఇయ్యాల్నంటే నాయకునికి తెల్లారుతది. ఒక్కనికిస్తే అందరు లేవాలె. శిబిరంల గట్లనే కదా."

"గట్లయితే వరుసకు చెప్పాలె సార్. వరుస అని ఇంకో క్లాసు రాస్త. ఒక్క రోజియ్యిండ్రి."

"రోజెక్కడిది. గా లెక్క ముంగట స్టాటిక్ అని ఒక్క మాట పెట్టు, అయిపాయె."

ఆ మాటను అంతకుముందు వారమే, ఆమె అన్నం తింటున్నప్పుడు, ఆమె పుస్తకంలో చూసి పెట్టుకున్నాను. దాన్ని ఎక్కడో ఒకచోట వాడకపోతే నిద్రపట్టేలా లేదు. ఆ మాట ముందు పెడితే ఆ లెక్క ఒక్కొక్క బొమ్మ దగ్గరా విడిగా ఉండదు. ఆ క్లాసులో పుట్టినవాళ్లందరికీ కలిపి ఒకటే ఉంటుంది, ఉమ్మడి ఆస్తిలాగా.

"అందరికీ అయితది సార్ గట్ల పెడితే. ఒక్క వరుసకు కాదు, తెరమీద ఉన్నోళ్లందరికీ."

"గిది నాకు తెల్వదా. జరుగు." నేనే కూర్చుని, ఆ మాట నా చేత్తోనే కొట్టాను. తెర మీద ఒకే వరుస పెట్టి చూశాను. మొదటి బొమ్మకు గ్లాసు ఇచ్చాను. వరుసంతా లేచి దండం పెట్టింది. అచ్చం శిబిరంలోలాగే. ఆ ఊపులో ఒక బోర్డు కూడా కలిపాను. ఒక్క బొమ్మ కూర్చుని ఉన్నా పైన "దీక్ష కొనసాగుతున్నది" అని ఉంటుంది. ఎవరూ లేకపోతే ఇంకో మాట వస్తుంది. ఎవరూ లేకపోవడం జరగదని తెలుసు, కాని ప్రోగ్రాం నిండుగా ఉండాలి కదా.

"ఇంకో వరుస పెట్టి సూద్దాం సార్," అంది మేడం. అప్పుడే కరెంటు పోయింది. తర్వాత ఆమె ప్యాసింజర్ టైమైంది.

మర్నాడు పొద్దున వరుసలన్నీ నింపాం. ఒక్కసారి నిమ్మరసం ఇచ్చి చూద్దామని ఆమె మళ్లీ అడిగింది. కంప్యూటర్ తీసుకుపోవడానికి వచ్చిన వకీలు సాబ్ అడ్డుపడ్డాడు. "నాయకుడు రాకముందే దీక్ష ఇడిపిస్తరా? అపశకునం. ముట్టకుండ్రి." అలా, నా ఎరుకలో అపశకునమని టెస్టింగ్ ఆపిన ప్రాజెక్టు ప్రపంచంలో అదొక్కటే.

ఆ రోజు దీక్షలో కూర్చున్నది బచ్చన్నపేట వైపు నుంచి వచ్చిన బీడీ కార్మికులు. ముందు వరుసలో ఒక అవ్వ. ఆమె వయసు ఎంతో ఆమెకే తెలియదు కాని, అక్కడ కూర్చున్న అందరికంటే నిటారుగా కూర్చుంది. పెళ్లిళ్లకు కిరాయికిచ్చే ప్రొజెక్టరు తెచ్చి తెల్లబట్ట మీద బొమ్మ వేశారు. నాయకుడు మూడు గంటలు ఆలస్యంగా వచ్చాడు. రావడంతోనే సమయపాలన గురించి మాట్లాడాడు.

తర్వాత తెర వెలిగింది. వరుసలు వరుసలుగా మనుషులు. చేనేతవాళ్లు, ఆటోలవాళ్లు, మెడలో టేపులతో టైలర్లు, నల్లకోట్లతో వకీళ్లు, చివరి వరుసలో బీడీ కార్మికులు, వాళ్లలో అందరికంటే ముందు ఒక అవ్వ బొమ్మ. ఎవరిని నొక్కితే వాళ్లు లేచి పిడికిలెత్తి నినాదం ఇచ్చి మళ్లీ కూర్చుంటున్నారు. జనం తమను తాము వెతుక్కున్నారు. "గా బొర్రాయన నువ్వేనే." "నా మీసం గింతనేనా?" మూడో వరుస కుర్చీల్లో భూపాలపల్లి ఆఫీసరు కూర్చుని, డైరీలో ఏదో రాసుకున్నాడు, తల ఊపాడు. మేడం టెంటు గుంజ పట్టుకుని నిలబడి ఆ తల ఊపడాన్నే చూస్తోంది.

"ముందుగాల తెరమీద అవ్వకు ఇయ్యిండ్రి, తర్వాత నేను అసలు అవ్వకు ఇస్త," అన్నాడు నాయకుడు. ఆలోచన మంచిదే. ఫోటోలు రెండొస్తాయి.

నేను గ్లాసును లాగి బొమ్మ అవ్వ దగ్గర వదిలాను. బొమ్మ తాగింది, లేచింది, దండం పెట్టింది, నడిచి తెర పక్కనుంచి వెళ్లిపోయింది. బీడీ కార్మికుల వరుస మొత్తం ఆమె వెంట వెళ్లింది. చప్పట్లు. తర్వాత వకీళ్లు లేచారు. దండం పెట్టారు, వెళ్లారు. టైలర్లు లేచారు. ఆటోలవాళ్లు, చేనేతవాళ్లు. ఏడాది పొడుగునా కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా లేచి, మర్యాదగా దండం పెట్టి, తెర మీంచి నడిచి వెళ్లిపోయారు. ఖాళీ జంపఖానా మిగిలింది. పైన నా బోర్డు మారింది: "దీక్ష విరమించబడినది. సహకరించిన అందరికీ ధన్యవాదములు."

ధన్యవాదములు కూడా నేనే పెట్టాను. మర్యాద కోసం.

 ముందు వరుసలోంచి అవ్వ గొంతు వినిపించింది. "నేనింక తాగనే లేదు గద బిడ్డా."

వెనక నిలబడినవాళ్లకు తెర మీద అక్షరాలు కనిపించాయి, అవ్వ మాట వినిపించలేదు. ఫోన్లు తీశారు. ఆ కబురు మా ప్యాసింజర్ కంటే ఎంత వేగంగా పోయిందంటే, నేను చాయ్ కప్పు కింద పెట్టేలోపు వకీలు సాబ్‌కు మానుకోట శిబిరం నుంచి ఫోనొచ్చింది. మాకు చెప్పకుండా మీరెట్ల లేస్తరు, మేం గీడ రోడ్డు మీద పొయ్యి ముట్టిచ్చి వంటా వార్పు పెట్టుకున్నం, బియ్యం సగం ఉడికినయి అని. ఆ వెంటనే భూపాలపల్లి శిబిరం: "జంపఖానా సగం చుట్టినం. మిగిల్నది చుట్టమంటవా, చుట్టింది పరవమంటవా? ఏదో ఒకటి చెప్పు." నాయకుడు అసలు అవ్వకు ఇవ్వాల్సిన గ్లాసు చేతిలో పట్టుకునే కారెక్కాడు. దారిలో ఆయనే తాగాడని అంటారు. ఈ ముక్కకు మాత్రం నా దగ్గర సాక్ష్యం లేదు.

వకీలు సాబ్ నా దగ్గరికి వచ్చాడు. "ఏంది సారు గిది?"

మీరైతే ఏం చెబుతారో నాకు తెలియదు. ఆ రోజుల్లో మా దగ్గర అన్నిటికీ ఒకటే జవాబు ఉండేది.

"వైరస్ సార్."

"ఎక్కడికెళ్లొచ్చింది?"

"పెన్‌డ్రైవ్‌లకెళ్లి వస్తయి సార్ గివన్నీ."

నేను ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. రోజూ సాయంత్రం ఫైలును పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుపోయి పొద్దున తెచ్చేది ఎవరో సేటుకు తెలుసు. ఆ ఫైలు మొదటి లైన్లో ఎవరి పేరు ఉందో కూడా తెలుసు.

"ఏం మేడం, పెన్‌డ్రైవ్ నీదేనా?"

ఆమె నా వైపు చూసింది. నేను ప్రొజెక్టరులో దీపం ఎంత వేడెక్కిందో పరిశీలించడం మొదలుపెట్టాను.

"నాదే సార్," అంది.

ఆఫీసరు డైరీ మూసి జేబులో పెట్టుకున్నాడు. "నేను హైదరాబాద్ మీటింగుకు పోతున్న. రేపు పొద్దుమీకి గిట్లకెళ్లే వాపస్ వస్త. సూద్దాం," అన్నాడు. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లెవరికైనా ఆ మాటకు అర్థం తెలుసు. చూడరని.

ఇంతలో అవ్వ లేవనంటోంది. "మైకుల చెప్పుండ్రి ముందుగాల, దీక్ష ఆగలేదని. గా తెరమీది ముసల్ది లేస్తే లేసె. నేను లేవ." వకీలు సాబ్ మైకులో చెప్పాడు, ఫోన్లలో చెప్పాడు, మూడు ఊళ్ల జంపఖానాలు మళ్లీ పరిపించాడు. అదంతా అయ్యేసరికి ముప్పావు గంట పట్టింది. తర్వాత మా వైపు తిరిగి శిక్ష వేశాడు. "రేపటి వంతు మీ కంప్యూటరోళ్లది. మీరే లేపిండ్రు. మీరే కూసోవాలె."

మర్నాడు ఆరు ఇడ్లీలు తిని పోదామని నా ఆలోచన. ఇడ్లీ బండి దగ్గర ప్లేటు పట్టుకున్నానో లేదో, పక్కన అవ్వ నిలబడి ఉంది. మొదటి బస్సుకే వచ్చిందట. "నిన్న నన్ను లేపినవు గద. ఇయ్యాల నువ్వు లేస్తవో కూసుంటవో సూస్తానికొచ్చిన. పా." ప్లేటు అక్కడే పెట్టి ఆమె వెనక నడిచాను. నా పక్కనే కూర్చుంది. జేబులో రెండు బిస్కట్ పొట్లాలున్నాయి. కాని అవ్వ చూపు జేబుకు తాళం వేసినట్టుంది.

పన్నెండు గంటలకు నాకు ఆకలి మొదలైంది. రెండు గంటలకు చౌరస్తాలో పోతున్న గేదెలు కూడా రుచిగా కనిపించాయి. సేటు మెత్త తెచ్చుకుని, గుంజ చాటున కూర్చుని అరటిపండు తిన్నాడు. ఆయన తింటే నా కడుపు నిండలేదు. చిత్రంగా, అప్పటిదాకా నాకా విషయం తట్టలేదు. మేడం ఆ చివర కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె ఆకలి ఎంతో నాకు తెలియదు. తెలిసే దారి కూడా లేదు.

అవ్వ అడిగింది. "బిడ్డా, నిన్న గా బొమ్మలన్ని ఎందుకు లేసినయి?"

మామూలుగా అయితే వైరస్ అనేవాణ్ణి. ఖాళీ కడుపుతో కోతలు రావు.

"అందరికి కలిపి ఒకటే ఆకలి అని రాసిన అవ్వా. ఒక్కరు తాగితే అందరి కడుపులు నిండినట్టు."

"అంటే ఉమ్మడి పెట్టినవు." అవ్వ బీడీలు చుట్టి చుట్టి అరిగిన వేళ్లతో నా మోకాలు మీద తట్టింది. "మేం గీడ ఏడాదిసంది కూసున్నది గదే వద్దని గదరా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వబోయాను. అవ్వ నవ్వలేదు.

"గా పిల్ల రాసిందా, నువ్వు రాసినవా?"

"నేనే. ఆమె వద్దనే అన్నది."

"గిది నాకు చెప్తే ఏమొస్తది. నీ వంతు వస్తది గద, మైకుల చెప్పు."

దీక్షలో కూర్చున్న ప్రతివాడూ సాయంత్రంలోపు మైకులో మాట్లాడాలి, అది ఆనవాయితీ. అందరూ గొంతెత్తి నినాదాలు ఇస్తారు. నా వంతు వచ్చేసరికి నాలుగున్నర. హైదరాబాద్ రోడ్డు మీద నుంచి ఒక జీపు వచ్చి టెంటు పక్కన ఆగింది. అందులో ఎవరున్నారో చూశాను. చూడకుండా మాట్లాడానని చెబితే బాగుంటుంది కాని, ఇవాళ నిజాలే చెబుతున్నాను కదా.

"నిన్న దీక్ష ఇడిపిచ్చింది వైరస్ కాదు," అన్నాను. "నేను. మా మేడం సక్కగనే రాసింది. నాకు రాని మాట ఒకటి నేను తెచ్చి మధ్యల పెట్టిన. వద్దన్నది, వినలే. ఇంకో వరుస పెట్టి సూద్దామన్నది, వినలే. పెన్‌డ్రైవ్ అని అబద్ధం గూడ నేనే చెప్పిన."

నా గొంతు నాలుగు దిక్కుల నాలుగు గొట్టాల్లోంచి వచ్చి మళ్లీ నాకే వినిపించింది. సేటు గుంజ చాటు నుంచి, "మన సెంటరు గోడ మీద పేరు రాసున్నది సారూ, జర ఆలోచన జెయ్యి," అన్నాడు మెల్లగా.

ఆఫీసరు జీపు దిగి నేరుగా మేడం ముందుకు వచ్చి నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

"గనిల దిగేటోనికి దీపం ఒక్కొక్కనికి ఉంటదా, అందరికి కలిపి ఒకటుంటదా?"

ఆమె లేచి నిలబడింది. "ఒక్కొక్కనికి సార్. నంబరుతోని. మా ఆయన నంబరు నాకెరుకే."

"సైరన్?"

"సైరన్ అందరిది. గది స్టాటిక్ పెట్టొచ్చు. దీపం పెట్టద్దు."

"పెడితే?"

"ఒక్కని దీపం ఆరితే అందరివీ ఆరుతయి. నిన్న మీరు సూసిండ్రు గద సార్."

"మరి గీ ముచ్చట నిన్ననే ఎందుకు చెప్పలే?"

"నిన్న నన్నెవలూ అడగలే సార్. పెన్‌డ్రైవ్ ఎవలదని అడిగిండ్రు. నాదే గద, నాదని చెప్పిన."

ఆయన డైరీ తీసి ఏదో రాసుకున్నాడు. ఈసారి "సూద్దాం" అనలేదు. "వచ్చే సోమవారం వచ్చి కలువుండ్రి," అని జీపెక్కాడు.

సాయంత్రం వకీలు సాబ్ మొదటి గ్లాసు సేటుకు ఇచ్చాడు. ఫోటో పడింది. ఆచారం ప్రకారం మిగతావాళ్లం బకెట్ దగ్గరికి పరుగెత్తాలి. నేను సగం లేచాను కూడా. మేడం గిన్నెల దుకాణం నుంచి తెచ్చిన స్టీలు గ్లాసులు వరుసగా పేర్చి, ఒక్కొక్కదాన్నీ నింపి, ఒక్కొక్కరి చేతికీ ఇస్తూ వచ్చింది. నా దగ్గరికి ఆఖరున వచ్చింది. మామూలుగా రెండు గుటకల్లో అయ్యే గ్లాసు తాగడానికి నాకు ఆ రోజు చాలాసేపు పట్టింది.

"ఉప్పు సరిపోయిందా సార్?" అంది. అదే ఆ రోజు నాతో ఆమె అన్న మొదటి మాట.

నెల తిరక్కుండా ఆమె భూపాలపల్లి వెళ్లిపోయింది. సేటు బస్టాండు గోడ మీద క్లాసుల లైను చెరిపించి, ప్రెషర్ కుక్కర్లు అని రాయించాడు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. మూడు ఊళ్లూ మూడు జిల్లాలయ్యాయి. ఇంకొన్నేళ్లకు ఆ సాఫ్ట్‌వేర్ పోయింది. ఇక ఎక్కడా నడవదని కంప్యూటర్లే చెప్పడం మొదలుపెట్టాయి. మొన్నామధ్య చుట్టాల పెళ్లికి భూపాలపల్లి పోతే మేడం ఫోన్ చేసి, శిక్షణ కేంద్రానికి రమ్మంది. భర్త షిఫ్ట్ దిగి, గేటు దగ్గర ఆమె టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చుని ఉన్నాడు. లోపల ముప్పై మంది కొత్తవాళ్లు. మూలన ఒక పాత కంప్యూటర్. నెట్‌తో సంబంధం లేకుండా, ఆ ఒక్క పాఠం కోసం ఆమె దాన్ని ఇంకా కాపాడుకుంటోంది.

తెర మీద గని. వరుసలు వరుసలుగా కార్మికులు, ఒక్కొక్కరి టోపీ మీద ఒక్కొక్క దీపం. సైరన్ మోగితే అందరూ ఒకేసారి తల తిప్పారు. దీపాలు మాత్రం ఎవరివి వాళ్లవే. ఇంతలో ఒక బొర్ర మనిషి, పెద్ద మీసం, చేతిలో చాయ్ కప్పు, దీపాలిచ్చే గది ముందునుంచే దర్జాగా నడిచి, దీపం లేకుండా చీకట్లోకి దిగబోయాడు. మేడం అతన్ని నొక్కింది. అతని తల మీద మాటలు వచ్చాయి: "గిది నాకు తెల్వదా."

ముప్పై మందీ నవ్వారు. ఒకడు అడిగాడు, "ఎవలు మేడం గీయన?"

"మా సారు," అంది ఆమె, నా వైపు చూడకుండా.

బయటికి వచ్చాక అడిగాను. "గసొంటి బొమ్మలు ఇంకెన్ని పెట్టినవు?"

"ఒక్కటే సార్. మీ అసొంటోళ్లు ఇద్దరుంటే గని నడువది."

లోకమంతా ఆ సాఫ్ట్‌వేర్‌ను మరిచిపోయింది. నేను గీసిన కొంగలు, ఎత్తిన బోర్డులు, పెట్టిన ధన్యవాదములు అన్నీ దాంతోపాటే పోయాయి. భూపాలపల్లిలో ఆ ఒక్క పాత కంప్యూటర్‌లో మాత్రం, కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ, నేనింకా దీపం మరిచి గనిలోకి దిగబోతూనే ఉన్నాను. ప్రతిసారీ ఆమే ఆపుతోంది.